తప్పిన రోజు అప్పు కాదు



ఈసారి మీతో పరుగు గురించి మాట్లాడతానంటే మా సంఘంలో ఒకరిద్దరు నవ్వారు. "అక్కా, ధమ్మానికీ పరుగుకీ ఏటి సంబంధం?" అన్నారు. అష్టాంగ మార్గంలో ఆరోది ఏమిటో చెప్పమన్నాను. సమ్యక్ వ్యాయామం అన్నారు. అదే సంబంధం అన్నాను. పాళీలో ఆ మాటకి ప్రయత్నం అని అర్థం. మనం వాడుకలో వ్యాయామమంటే ఒళ్ళు వంచి చేసే కసరత్తు. రెండిటికీ ఒకే మాట ఉండటం నాకైతే బాగా పనికొచ్చింది.

నాకిప్పుడు నలభై మూడేళ్ళు. ఒక్కసారైనా విశాఖ వెళ్ళి సముద్రం ఒడ్డున మారథాన్ పరిగెత్తాలని కోరిక. అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. దానికోసం మూడుసార్లు తయారీ మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశాను. 2018లో మొదలుపెడితే అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు ఉద్దానంలో పడిపోయిన కొబ్బరి చెట్లనీ జీడి చెట్లనీ చూసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. బియ్యం, టార్పాలిన్లు పంచుతూ తిరిగిన ఆ రోజుల్లో పరుగు ఊసే లేదు. రెండోసారి 2020, లాక్‌డౌన్. మూడోసారి మోకాలు. అసలు కథ ఆ మోకాలిదే.

ఆ ఏడాది మా బావగారికి డయాలసిస్ మొదలైంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు మీ ఊరైతే ఇది ఏం బతుకో మీకు తెలుసు. వెళ్ళిన రోజల్లా మంచం మీద నాలుగు గంటలు. అక్కకి ఒంట్లో బాగుండదు కాబట్టి తోడు నేనే. మిగిలిన రోజుల్లో ఇళ్ళపట్టాల అర్జీలు పట్టుకుని టెక్కలి ఆర్డీవో ఆఫీసు, సాయంత్రం జీడి కార్ఖానాల ఆడవాళ్ళతో మీటింగు. తెల్లారి నాలుగున్నరకి లేస్తేనే నాకు పరుగు. ఒకసారి కాశీబుగ్గ దాటాక ఒక ముసలామె అడ్డం వచ్చి, "ఏటైనాదమ్మా? ఎవలికి బాగునేదు, అలా పరిగెడతన్నావు?" అంది. మా వైపు ఆడమనిషి పరిగెడుతోందంటే ఎవరికో ప్రాణం మీదకి వచ్చిందనే అర్థం.

ఒక వారం మంగళవారం తప్పింది, గురువారం తప్పింది. గోడ మీద కేలండర్లో పరిగెత్తిన రోజుకి గీత పెట్టుకునేదాన్ని. ఆ రెండు ఖాళీ గడులూ నన్నే చూస్తున్నట్టుండేవి. ఆదివారం వాటి బాకీ కూడా కలిపి అక్కుపల్లి రోడ్డులో పరిగెత్తాను. తర్వాతి వారమూ అంతే. మూడో వారానికి మోకాలు వాచింది. ఆపితే మళ్ళీ బాకీ పెరుగుతుందని మందుల షాపులో నొప్పి మాత్రలు కొని మింగుతూ పరిగెత్తాను. బావగారు ఆ మాత్రల అట్ట చూసి, "పిల్లా, పలుగు పట్టిన రోజుల్లో నేనూ ఇవే మింగేవాణ్ణి" అన్నారు. ఇంకేం అనలేదు.

ఆయన జబ్బు ఆ మాత్రల వల్లే వచ్చిందని నేననను. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. కానీ చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ రకం మాత్రలు కిడ్నీలకి చేటు అని డాక్టర్లు చెప్పే మాటే. అది తెలిసి తెలిసి ఈ నేల మీద నేను చేసిన పని అది. ఎందుకు చేశాను?

చాలా రోజులు ఆలోచించాను. తప్పిన రోజుని నేను పాపంలా చూశాను. పాపానికి ప్రాయశ్చిత్తం ఉండాలి కదా! ఉపవాసముండి, పొర్లుదండాలు పెట్టి, ఒంటిని బాధించి తీర్చుకోవడం. వెనకటి జన్మలో చేసుకున్నావు, ఈ జన్మలో ఊరవతల ఉండి తీర్చుకో అని మన తాతలకి చెప్పిన లెక్క కూడా ఇదే. ఆ లెక్కని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దాన్ని వదిలి వచ్చాం. దేవుళ్ళ పటాలు గోడ మీంచి దింపాం. కానీ బాకీల పుస్తకం మాత్రం నా బుర్రలోనే ఉండిపోయింది.

మనం పంచశీలాలు తీసుకునేటప్పుడు చెప్పే మాటని ఒకసారి గమనించండి. అవి సిక్ఖాపదాలు, అంటే శిక్షణ మెట్లు. ఆజ్ఞలు కావు. అందుకే ఒకసారి తీసుకుని ఊరుకోం, వందన చేసిన ప్రతిసారీ మళ్ళీ తీసుకుంటాం. నిన్న తప్పినవాడూ ఇవాళ అందరితో కలిసి అదే మాట అంటాడు. సంఘంలో భిక్షువు తప్పు చేస్తే ఒప్పుకుని, ఇకమీదట జాగ్రత్తగా ఉంటానంటాడు. చిన్న తప్పులకి అంతటితో సరి.

ఇది పరుగు సంగతి మాత్రమే అయితే మీ టైము తీసుకునేదాన్ని కాదు. 22 ప్రతిజ్ఞల్లో పదిహేడోది మద్యం ముట్టనని. మా కాలనీలో ఒక తమ్ముడు ఆ ప్రతిజ్ఞ చేసి ఎనిమిది నెలలు నిలబడ్డాడు. ఒక పెళ్ళిలో తాగాడు. మర్నాడు విహారానికి రాలేదు. "ఎలాగూ పోయింది కదక్కా" అన్నాడు. ఆ ఒక్క రాత్రి అతన్ని ముంచలేదు, "ఎలాగూ పోయింది" అన్న మాట ముంచింది. నేను రెండింతలు పరిగెత్తడం, అతను ఆరు నెలలు తాగడం, రెండూ ఒకే చెట్టు కాయలని నాకు ఆలస్యంగా అర్థమైంది.

"అలాగైతే సోమరికి మంచి సాకు దొరికిందే" అని మీరనొచ్చు. నిజమే. నేను మీటింగు ఉందని మానేసిన రోజుల్లో సగం మీటింగులు పది గంటలకి. నాలుగున్నరకి అడ్డమొచ్చింది దుప్పటే. దశ పారమితల్లో వీర్యం ఒకటి. ఆ మాట చెప్పగానే కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వుతారు, పోనివ్వండి, పట్టు వదలని ప్రయత్నం అని అర్థం చెప్పి ముందుకెళ్తాం. అది లేకుండా ఏదీ లేదు. దాన్ని ఎంత బిగించాలి అన్నదే ప్రశ్న.

దీనికి వినయ పిటకం మహావగ్గంలో సోణుడి కథ ఉంది. చంపా నగరంలో ధనవంతుల బిడ్డ, మెత్తని పాదాలవాడు. భిక్షువయ్యాక రాజగృహం దగ్గర శీతవనంలో నడక ధ్యానం చేసి చేసి పాదాలు చిట్లి ఆ దారంతా రక్తమైంది. ఇంటికి పోదామా అనుకున్నాడు. బుద్ధుడు వచ్చి అడిగింది ధ్యానం గురించి కాదు, వీణ గురించి. తీగ మరీ బిగిస్తే పలికిందా, వదులు చేస్తే పలికిందా అని. సోణుడు వీణ వాయించినవాడే, వెంటనే గ్రహించాడు. గ్రీకుల మారథాన్ కథలో కబురు తెచ్చినవాడు చెప్పి కుప్పకూలి చచ్చిపోతాడు. 1896లో ఏథెన్స్‌లో పందెం పెట్టిందీ ఆ కథ పేరు మీదే. నాకు సోణుడి కథే నచ్చుతుంది, అందులో మనిషి బతికి మళ్ళీ నడుస్తాడు.

ఆ కథలో నాకు ఇంకా ఇష్టమైన ముక్క చివర ఉంది. బుద్ధుడు సోణుడికి చెప్పులు తొడుక్కోమని అనుమతిచ్చాడు. సంఘమంతటికీ ఇస్తేనే నేనూ తొడుక్కుంటానన్నాడు సోణుడు. బుద్ధుడు అందరికీ ఇచ్చాడు. ఊరి వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాతల మనవరాలిని కదా, అక్కడ నేను ఆగిపోతాను.

ఇప్పుడు నాలుగోసారి మొదలుపెట్టాను. వారానికి నాలుగు రోజులనుకుంటాను, డయాలసిస్ ఉన్న వారం రెండే అవుతాయి. తప్పింది తప్పినట్టే వదిలేస్తాను. నొప్పి వస్తే నడుస్తాను. దారిలో నీళ్ళ సీసా ఉంటుంది, మాత్రలు లేవు. ఈ ఏడాది విశాఖలో 21 కిలోమీటర్లకే పేరిస్తాను. ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను బయటికెళ్ళే ఆ గంటలో ఇంట్లో నీళ్ళు పట్టేది, బావగారికి టిఫిన్ పెట్టేది మా అత్తగారు. నా పట్టుదల వెనక ఆమె నిద్ర ఉంది. అందుకని ఆదివారం వంట మా ఆయనది చేశాం. ఉప్పు ఎక్కువవుతోంది, నేర్చుకుంటారు.

రెండు వారాలుగా జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టే ఒకామె నాతో నడకకి వస్తోంది. జీడి నూనెకి వేళ్ళు నల్లబడిపోయాయి. రోజంతా కూర్చుని చేసే పని, నడుము పట్టేస్తుంది, నడిస్తే హాయిగా ఉంది అంటుంది. వట్టి కాళ్ళతోనే వస్తోంది. మొన్న బూట్లు కొందాం, కాలి కొలత చెప్పమన్నాను. ముందు మా పాపకి చూడండి, బళ్ళో పరుగుపందేలున్నాయి అంది. ఇద్దరి కొలతలూ రాసుకున్నాను.