చేపల పుస్తకంలో చాంగ్‌డే పేరు

లీ జూన్-ఇక్ దర్శకత్వం వహించిన కొరియన్ సినిమా 'ద బుక్ ఆఫ్ ఫిష్' (2021) చూసి మూడు వారాలైంది. బాగుందని చెప్పడానికైతే ఇన్ని రోజులు అక్కర్లేదు. చూస్తున్నంతసేపూ గురువు పక్షాన ఉన్నాను. లాప్‌టాప్ మూసి పడుకున్నాక శిష్యుడి పక్షానికి మారిపోయాను. ఎందుకు మారానో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

కథ చాలావరకు చరిత్రే. 1801లో జోసన్ రాజ్యం కాథలిక్కుల మీద విరుచుకుపడింది. చదువుకున్న పెద్ద కుటుంబంలో పుట్టిన ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకరిని చంపేశారు, ఇద్దరిని దేశానికి చెరో మూలకు వెళ్లగొట్టారు. వాళ్ళలో పెద్దవాడు జాంగ్ యాక్-జాన్ చివరికి హుక్సాన్ అనే దీవికి చేరాడు. హుక్సాన్ అంటే నల్లకొండ. (మాకు పక్క జిల్లా పేరే అది, నల్లగొండ.) ఆ పేరులోని చీకటికి భయమేసి, అదే అర్థమొచ్చే ఇంకో అక్షరంతో 'జాసన్' అని రాసుకునేవాడట. అక్కడ కూర్చుని 1814లో ఆ సముద్రంలోని రెండు వందలకు పైగా జీవుల గురించి ఒక పుస్తకం రాశాడు. 1816లో ప్రవాసంలోనే చనిపోయాడు.

చేపల సంగతి పండితుడికి ఏం తెలుసు? తెలిసినవాడు చాంగ్‌డే అనే జాలరి కుర్రాడు. సినిమాలో ఇద్దరూ బేరం కుదుర్చుకుంటారు. నేను నీకు గ్రంథాలు చెప్తాను, నువ్వు నాకు చేపలు చెప్పు. సోల్ క్యుంగ్-గు, బ్యున్ యో-హాన్ ఎదురెదురుగా కూర్చున్న ఆ సీన్లు ఎంత హాయిగా ఉంటాయో! సినిమా దాదాపు అంతా నలుపు తెలుపే. అయినా చేప కడుపు కోసి చూపిస్తుంటే నాకు రంగులు కనపడ్డాయి.

చిక్కు తర్వాత మొదలవుతుంది. చదివిన కొద్దీ గురువు కిందికి దిగుతుంటాడు, శిష్యుడు పైకి చూస్తుంటాడు. మనిషి సంగతి తెలుసుకోబోయి అలసిపోయాను, ఇక చేపలు చాలంటాడు గురువు. చాంగ్‌డేకి కావలసింది గురువు తమ్ముడు జాంగ్ యాక్-యోంగ్ దారి. ఆ తమ్ముడు ప్రజల్ని ఎలా పాలించాలో అధికారులకు చెప్పే పుస్తకం రాసినవాడు. చాంగ్‌డే దీవి వదిలి కొలువులో చేరతాడు. అక్కడ చచ్చినవాళ్ళ పేరు మీద పన్ను, పాలు మానని పిల్లల పేరు మీద పన్ను. వెట్టి కథలు వింటూ పెరిగిన తెలంగాణవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. తట్టుకోలేక తిరగబడి, అన్నీ వదులుకుని వెనక్కి వచ్చేసరికి గురువు ఉండడు.

నా పేచీ ఇక్కడే. సినిమా గురువు మాటను రైటు చేసి చూపించింది. నువ్వు ఎక్కాలనుకున్న నిచ్చెన పుచ్చిపోయిందిరా అని ఆయన ముందే చెప్పాడు, పుచ్చిపోయే ఉంది. కానీ ఆ మాట చెప్పినాయన ఎవరు? పరీక్షలు రాసి, కొలువు చేసి, రాజును దగ్గర్నుంచి చూసి వచ్చినవాడు. తిన్నవాడు ఆకలిగొన్నవాడితో విందులో ఉప్పెక్కువైంది అంటే, ఆ మాట నిజమే అయినా చెప్పే హక్కు ఆయనకుందా? ఒంటికంటిన చేపల వాసన వదిలించుకోవాలన్నది ఆ కుర్రాడి దురాశ ఎందుకవుతుంది?

అది నా ప్రశ్న కూడా. మా తాత ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో వల వేసినవాడు. కుతుబ్ షాహీల కాలం నాటి చెరువు అది, ఊరికి పేరిచ్చింది కూడా ఇబ్రహీం కులీనే. నా చిన్నప్పుడు చాలా ఏళ్ళు ఎండిపోయే ఉండేది. నీళ్ళొచ్చిన ఏడు కూడా మా నాయిన నన్ను కట్ట ఎక్కనిచ్చేవాడు కాదు. ఆయన సిటీలో ఒక ఆఫీసులో అటెండర్. ఇంట్లో చేపల మాటే ఎత్తేవాడు కాదు. చుట్టూ ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలున్న ఊరు మాది, వాటిలో ఒకదాంట్లోనే బీటెక్ చేశాను. ఇప్పుడు కోడ్ రాసి బతుకుతున్నాను. నాయిన పోయి నాలుగేళ్ళు. ఈ సినిమా ఆయన చూసుంటే ఎవరి పక్షాన ఉండేవాడో నాకు బాగా తెలుసు.

సినిమా చూసిన తర్వాతి ఆదివారం చిన్నాయన దగ్గరికి పోయాను. ఆయన ఇప్పటికీ మత్స్య సహకార సంఘంలో ఉన్నాడు. ఫోన్ తీసి, చెరువులో ఉండే చేపల పేర్లు చెప్పమన్నాను. కొర్రమట్ట, జెల్ల, మార్పు, పరక, వాలుగ... నాలుగైదు చెప్పి ఆగాడు.

"నీకెందుకు బిడ్డా ఇవన్ని? నిన్ను సదివిచ్చిందే ఇవి మర్వాలని గదా."

ఏం చెప్పను? ఒక కొరియా సినిమా చూశానని చెప్పానుగానీ, నాకే నవ్వొచ్చింది. నేనిప్పుడు చాంగ్‌డేని కాదు. కడుపు నిండాక చేపల మీద ప్రేమ పుట్టిన పండితుడిని. రోజూ ఏసీలో కూర్చునేవాడు ఆదివారంపూట వచ్చి వల ఎంత గొప్పదో అంటుంటే, వల లాగేవాడికి ఎలా ఉంటుందో ఊహించగలను.

అయినా ఆ పండితుడిని పూర్తిగా కొట్టిపారేయలేకపోతున్నాను. కారణం సినిమా కన్నా ఆయన రాసిన అసలు పుస్తకం. దాని ముందుమాటలో చాంగ్‌డే పేరుంది. ఈ దీవిలో ఇలాంటివాడున్నాడు, అతని సాయంతో రాశానని ఒప్పుకున్నాడు. లోపల కూడా ఇది చాంగ్‌డే చెప్పిన మాట అంటూ పోతాడు. సినిమాకు మూలం ఆ పేరే. అది లేకపోతే ఈ కుర్రాడే లేడు.

సరిగ్గా ఆ కాలంలోనే మన తీరంలోనూ చేపల పుస్తకం ఒకటి తయారైంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. చేపలకు స్థానికులు పిలిచే తెలుగు పేర్లే పెట్టాడు, అది ఆయన మర్యాద. పాముల మీదా పుస్తకం వేశాడు. రక్తపింజరను 'కాటుకరేకుల పొడ' అన్న తెలుగు పేరుతో అందులో ఎక్కించాడు. తర్వాత లోకమంతా దాన్ని రస్సెల్స్ వైపర్ అంటోంది. కాటుక రేకులు అని మొదట చూసి అన్న కన్ను ఎవరిదో! మా ఆఫీసులో గిట్ అని ఒకటుంటుంది, పనికిమాలిన లైను రాసినా పక్కన ఎవరు రాశారో పేరు కనపడుతుంది. తిట్టడానికే ఎక్కువ వాడతాం గానీ, పేరైతే ఉంటుంది.

పేరు రాస్తే బాకీ తీరిపోతుందా అంటే, తీరదు. చాంగ్‌డే పేరు పుస్తకంలోకి ఎక్కింది, అతను మాత్రం ఆ దీవిలోనే మిగిలాడు. గురువు దగ్గర ఇవ్వడానికి గ్రంథాలున్నాయి, నా దగ్గర అవి కూడా లేవు.

పోయిన ఆదివారం చిన్నాయనే కబురు చేశాడు. ప్రమాద బీమా ఫారం నింపాలట. నింపి, ఫోన్‌లో అప్‌లోడ్ చేసిపెట్టాను. ఆ తర్వాత అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళ మీద ఎర్రటి మచ్చ కదుల్తుంటే అవి కొర్రమట్ట పిల్లలట, వందల్లో గుంపుగా తిరుగుతాయట. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయట. అప్పుడు వల వేయొద్దట, పెద్దవాటిని పడితే పిల్లలన్నీ వేరే చేపల నోట్లోకే పోతాయట. రాసుకుని, పక్కన 'చెప్పినవారు' అని పెట్టి ఆయన పేరు టైప్ చేస్తున్నాను. ఏం రాస్తున్నావని ఫోన్‌లోకి తొంగిచూశాడు.

"నా పేరెందుకు? మీ నాయిన పేరు రాయి. కొర్రమట్ట జాడ నాకు చూపిచ్చిందే ఆయన. ఆయనంత వాటంగ వల ఇసిరేటోడు ఈ కట్ట మీద లేకుండె."

ఇద్దరి పేర్లూ రాశాను.