మానిన గాయం, మిగిలిన మచ్చ

గాయం మానిపోయి, నొప్పి గాని చీము గాని లేకుండా, ప్రాణానికి ఏ ముప్పూ లేకుండా ఒక్క మచ్చ మాత్రమే మిగిలినప్పుడు, దాన్ని పోగొట్టుకోవాలని మనిషి పడే తాపత్రయం వైద్యం కిందికి వస్తుందా, లేక దేహాభిమానం కిందికి, అంటే శరీరమే తానన్న భ్రమ కిందికి, వస్తుందా అన్నది ధర్మవిచారానికి తగిన ప్రశ్నే. యౌవనంలో వచ్చిపోయే మొటిమలు వదిలే మచ్చల విషయంలో ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది. కాలిమీది మచ్చను బట్ట కప్పుతుంది గాని, ముఖం మీది మచ్చను దాచే చోటు లేదు. పైమెరుగులతో పనేమిటి, మనసు మంచిదైతే చాలుననే ఉపదేశం ఒకవైపు, ఎవరేది చెబితే అది పూసుకునే ఆత్రం మరొకవైపు ఉండగా, ప్రాచీన గ్రంథాలు ఈ రెంటిలో దేనివైపూ పూర్తిగా మొగ్గకపోవడం గమనించదగ్గది.

ముందు మచ్చ స్వరూపం తెలియాలి. రోమకూపానికి అనుబంధంగా ఉన్న గ్రంథి స్రవించే జిడ్డు, రాలిన మృతకణాలతో కలిసి కూపం నోటిని మూసివేసినప్పుడు మొటిమ మొదలవుతుంది. లోపల సూక్ష్మజీవులు పెరిగి, వాపు హెచ్చి, కూపం గోడ చిట్లితే, ఆ వాపు చర్మపు లోపొరకు పాకి, చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే మాంసకృత్తును దెబ్బతీస్తుంది. మానే క్రమంలో కొలాజెన్ తక్కువగా తయారైతే గుంట పడుతుంది, అతిగా తయారైతే చర్మం ఉబ్బి గట్టిపడుతుంది. మొటిమల మచ్చల్లో అధికభాగం గుంటలే. వాటిలో సూదితో పొడిచినట్టు సన్నగా లోతుకు దిగేవి, అంచులు నిటారుగా ఉండి అడుగు చదునుగా ఉండేవి, కింద పీచు పట్టి లాగడం వల్ల అలలు తేలినట్టు కనబడేవి అని మూడు తీరులున్నాయి. చామనఛాయ, నలుపు చర్మాలలో మొటిమ తగ్గిన చోట గోధుమరంగు మరక కూడా నిలుస్తుంది. అది నిజానికి మచ్చ కాదు, వర్ణద్రవ్యం పేరుకోవడం మాత్రమే, ఎండ తగలకుండా చూసుకుంటే నెలల మీద పలచబడుతుంది. ఈ భేదం తెలియక మరకను చూసి బెంబేలెత్తేవారూ, గుంటను లేపనాలతో పూడ్చాలని చూసేవారూ ఉంటారు.

సుశ్రుతసంహిత నిదానస్థానంలో మొటిమలకు ముఖదూషికలని పేరు. కఫ వాత రక్తాల వికారం వల్ల వయసువారి ముఖాన బూరుగు ముళ్లలా పుట్టే పొక్కులని అక్కడి వర్ణన. వాటికి వమనాన్ని, వస, లొద్దుగ మొదలైనవాటి లేపనాన్ని చెప్పిన ఆ గ్రంథమే, చికిత్సాస్థానం మొదట్లో వ్రణాలకు అరవై ఉపక్రమాలను, అంటే చికిత్సా విధానాలను, పేర్కొంటుంది. ప్రస్తుత ప్రశ్నకు కావలసిన సామగ్రి అక్కడే ఉంది. పుండును శుద్ధి చేయడం, మాన్పడం అన్న రెండింటి దగ్గర ఆ వరుస ఆగిపోదు. లోతుపడినదాన్ని పూడ్చే ఉత్సాదనం, మాంసం పైకి పెరిగినదాన్ని అణచే అవసాదనం, మానిన చోట రంగు మారితే తిరిగి చర్మపు రంగు తెచ్చే కృష్ణకర్మ, పాండుకర్మ, వెంట్రుకలు పోయిన చోట మళ్లీ మొలిపించే రోమసంజననం కూడా అందులో చేరాయి. గాయం మిగిల్చిన వికారాన్ని తొలగించే పనికి వైకృతాపహమని పేరుపెట్టి, దాన్ని వ్రణచికిత్సలో చివరి మెట్టుగా సూత్రస్థానం లెక్కించింది. అంటే ఆ శాస్త్రం దృష్టిలో పుండు మానడంతో వైద్యుడి పని తీరలేదు. మచ్చ గాయానికి కొనసాగింపే గాని, అలంకారానికి మొదలు కాదు. అయితే గాయం మానినా దాని గుర్తు దేహమున్నంత కాలం పోదని చెప్పినవాడూ సుశ్రుతుడే. చర్మాన్ని సన్నని సూదులతో పొడిచి కొత్త కొలాజెన్‌ను పుట్టించే మైక్రోనీడ్లింగ్, అడుగున పట్టిన పీచును సూదితో తెంపి వదులుచేసే సబ్‌సిషన్, లేజర్ వంటి నేటి పద్ధతులు కూడా గుంట లోతును తగ్గించేవే గాని పూర్తిగా చెరిపేవి కావు. పైగా ముదురు రంగు చర్మం మీద లేజర్ తీవ్రత హద్దు మీరితే కొత్త మరకలు పడతాయి.

బౌద్ధ వినయపిటకంలోని చుల్లవగ్గ ఈ సమస్యను సన్న్యాసి వైపు నుంచి చూస్తుంది. భిక్షువులు ముఖానికి లేపనాలు పూసుకోవడం, పొడులు అద్దుకోవడం చూసి, భోగాలనుభవించే గృహస్థులకూ వీరికీ తేడా ఏముందని జనం ఈసడించుకోగా, బుద్ధుడు వాటిని నిషేధించి, అద్దంలో గాని నీటిపాత్రలో గాని ముఖం చూసుకోవడాన్ని కూడా దుక్కటంగా, అంటే చిన్న తరహా దోషంగా, నిర్ణయించాడు. తరువాత ఒక భిక్షువుకు ముఖాన పుండు లేచింది. అదెలా ఉందని తోటివారిని అడిగితే ఇలా ఉందని వారు చెప్పారు గాని, అతడికి నమ్మకం కుదరలేదు. సంగతి తెలిసిన బుద్ధుడు రోగకారణంగానైతే అద్దంలో చూసుకోవచ్చని నియమాన్ని సడలించాడు. ఇంత చిన్న ఘట్టంలో ఎంత సూక్ష్మదృష్టి ఉందో చెప్పనలవి కాదు. నమ్మలేకపోయినందుకు భిక్షువు మందలింపు పొందలేదు, అద్దం చేతికి తీసుకున్నంత మాత్రాన విరాగం భంగమైందని ఎవరూ అనలేదు. దోషం అద్దంలో గాక, చూసే ఉద్దేశంలో ఉందని నియమం తానే ఒప్పుకున్నట్టయింది.

యోగసూత్రాలలో ఇదే ద్వంద్వం మరోరూపంలో కనిపిస్తుంది. శౌచం వల్ల తన శరీరం మీద తనకే జుగుప్స కలుగుతుందని సాధనపాదంలో చెప్పిన పతంజలి, విభూతిపాదానికి వచ్చేసరికి రూపలావణ్యాలను కాయసంపత్తులో, అంటే సిద్ధుడి దేహసౌష్ఠవంలో, చేర్చాడు. వ్యాఖ్యాతలు ఎలా సమన్వయించినా, మొటిమల విషయంలో పనికివచ్చే సూత్రం ఈ రెండూ కాదు. రాబోయే దుఃఖమే తప్పించదగినదన్న సాధనపాద వాక్యం. గడిచినది అనుభవంతో తీరిపోయింది, నడుస్తున్నది అనుభవంలోనే ఉంది, ఇంకా రానిదే మనిషి ప్రయత్నానికి లోబడుతుందని దాని భావం. మచ్చల చికిత్స ఖరీదైనది, నెమ్మదైనది, ఫలం అసంపూర్ణం; నివారణ మాత్రం చాలావరకు చేతిలోని పని. వాపు తగ్గకముందే మొటిమను గిల్లితే లోపలి చీము మరింత లోతుకు పోతుంది గనుక చేతులను అదుపులో పెట్టుకోవడం, రెటినాయిడ్ లేపనం, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి మందులను వైద్యుడి సలహాతో తొలిదశలోనే మొదలుపెట్టడం, గడ్డలుగా వచ్చే తీవ్రమైన మొటిమలను ఉపేక్షించకపోవడం ఇందులోని ముఖ్యాంశాలు. తీవ్రస్థితిలో ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు గర్భస్థ శిశువుకు హాని చేసేవి కాబట్టి వైద్యుడి పర్యవేక్షణ లేకుండా వాడరానివి. తెల్లబరుస్తాయన్న ఆశతో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ క్రీములు మొదట ముఖాన్ని నునుపు చేసినట్టు కనబడి, తరువాత చర్మాన్ని పలచబరచి, కొత్త మొటిమలను పుట్టిస్తాయి. మచ్చకు వైద్యం అనుకున్నది రంగు మీది భయంగా మారిపోయిన చోటు ఇదే.

ఇదంతా ప్రారబ్ధమని, అనుభవించక తప్పదని వాదించేవారికి చరకసంహిత విమానస్థానం సమాధానం చెప్పింది. ఆయుస్సు మొదలైనవన్నీ ముందే ఖాయమై ఉంటే మందులకూ మంత్రాలకూ ప్రయోజనమే ఉండదని, దైవానికీ పురుషకారానికీ, అంటే మనిషి ప్రయత్నానికీ, ఏది బలమైనదైతే అది రెండోదాన్ని మీరుతుందని ఆ గ్రంథం తేల్చింది. ఇంతకన్నా సాగదీయవలసిన వాదం కాదిది.

మచ్చకు అర్థం దొరికినప్పుడు మనిషి దాన్ని భరించే తీరు మారుతుందన్నది మాత్రం కాదనలేనిది. మశూచిని అమ్మవారు పోసిందనే తెలుగు పల్లెల్లో, బతికి బయటపడినవారి ముఖాన ఉన్న గుంటలకు దేవత కరుణించి వదిలిందన్న కథ ఒకటి ఉండేది. తిరుమల ఐతిహ్యంలో ఈ భావం ఇంకా పైకి వెళ్లింది: రామానుజుల శిష్యుడు అనంతాళ్వారు చెరువు తవ్వుతూ, గర్భవతి అయిన తన భార్యకు మట్టితట్ట మోయడంలో సాయపడిన బాలుడి మీదికి కోపంతో గునపం విసరగా, అది తగిలిన గాయం స్వామి చుబుకం మీద కనిపించిందని, దానికి ఉపశమనంగానే మూలమూర్తి గడ్డానికి పచ్చకర్పూరం అద్దుతారని చెబుతారు, ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర ఇప్పటికీ చూపిస్తారు. గాయానికి ఉపచారం జరుగుతూనే ఉంది, గుర్తూ నిలిచే ఉంది. మొటిమకు ఇటువంటి కథ లేదు. ఏ దేవతా పోయలేదు, ఏ భక్తుడూ విసరలేదు. కాబట్టి దాని మచ్చకు అర్థం కల్పించి ఓదార్చడం తేలికైన పని కాదు, కల్పించవలసిన అవసరమూ అంతగా లేదు.

దేహాన్ని పట్టించుకోవద్దనే ఉపదేశం తరచుగా మచ్చలేని ముఖాల నుంచే వస్తుంది. వైరాగ్యం తనకు తాను పూనవలసిన వ్రతమే గాని, ఇతరులకు విధించదగిన శిక్ష కాదు; పెళ్లిచూపుల్లో పిల్ల బుగ్గల వైపే చూసే బంధువర్గం, ఇంటికి వచ్చాక అదే పిల్లకు అందం అశాశ్వతమని బోధించడంలోని అసంబద్ధతను వేదాంతం కప్పిపుచ్చలేదు. వయసు పొంగు, అదే తగ్గుతుందని పెద్దలు నెలల తరబడి వైద్యాన్ని వాయిదా వేస్తున్నప్పుడు, లోపల గడ్డలు ముదిరి కొలాజెన్ తరుగుతూ, గుంటలు ఖాయమవుతుంటాయి. అద్దం ముందునుంచి లెమ్మని గదమాయించే ఆ పెద్దలు, దీక్ష తీసుకోని పదిహేనేళ్ల పిల్ల దగ్గర సన్న్యాస నియమాన్ని కోరుతున్నారు. ఆ నియమం కూడా ముఖాన పుండున్నవారికి సడలింపు ఇచ్చిందే.