శిశుసౌందర్యము - దృష్టిదోషము

తల్లి బిడ్డకు తలంటి నీళ్లు పోయును. సాంబ్రాణి పొగ వేయును. కన్నులకు కాటుక దిద్ది, నుదుట బొట్టు పెట్టి, ఉన్నంతలో మంచి బట్ట తొడుగును. ఇంత చేసి, ఆ ముద్దుమోమును కన్నులార చూచుకొని, మరుక్షణమే ఆ కాటుకతోనే బుగ్గమీదనో అరికాలిలోనో ఒక నల్లని చుక్క పెట్టును. తాను చేసిన అలంకారమును తన చేతితోనే రవంత చెరుపుకొన్నట్లు! చదువుకొన్నవారు దీనిని మూఢవిశ్వాసమని నవ్వవచ్చును. చూపునందు విషమున్నదా లేదా యను చర్చ ఇచ్చట అక్కరలేదు. ఆ చుక్కలోని అభిప్రాయము మాత్రము గమనింపదగినది. ఈ అందము పదిమంది పరీక్షించుటకు పెట్టినది కాదని తల్లి దానితో చెప్పుచున్నది.

ఇందుకు సరిగా ఎదురైన ఆచారమొకటి అమెరికాదేశమున పెరిగినది. 1855లో న్యూయార్క్ నగరమున బార్నమ్ అను ప్రదర్శనల వ్యాపారి, తల్లుల చేత పసిబిడ్డలను తెప్పించి, వారిలో మేలైన శిశువునకు బహుమతి నిచ్చు ప్రదర్శన నడిపెను. జనము టిక్కెట్టు కొని వచ్చి చూచిరి. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున అట్టివి బాలికల అందాలపోటీలుగా స్థిరపడినవి. తల్లిదండ్రులు ప్రవేశరుసుము చెల్లింతురు. వయసు ననుసరించి పిల్లలను విభజింతురు. ఏడాది నిండని శిశువులకు సైతము ఒక తరగతి కలదు. న్యాయనిర్ణేతలు కూర్చుండి ముఖమునకు, దుస్తులకు, నడకకు మార్కులు వేయుదురు. 2009లో ఆరంభమైన ‘టాడ్లర్స్ అండ్ టియారాస్’ అను టెలివిజన్ కార్యక్రమము ఈ తతంగమునంతను ఇంటింట చూపినది.

అందు కనబడు ఒక వస్తువును గూర్చి కొంచెము చెప్పవలెను. ఆరేండ్ల పిల్లకు పాలపండ్లు ఊడును. ఆ సందు కనబడరాదని పండ్లపై అమర్చు తొడుగు కలదు. దానిని ‘ఫ్లిప్పర్’ అందురు. ఒంటికి రంగు చల్లుట, సవరములు పెట్టుట, రెప్పలకు వెండ్రుకలు అతికించుట వంటివన్నియు పెద్దల వేషములే. కాని ఈ తొడుగు వేరు. పన్ను ఊడిన పిల్ల నోరు తెరచి నవ్వినచో ఇల్లంతయు నవ్వును. పండ్లు చూపుమని తాత అడిగి మరీ నవ్వించును. ఆ వయసునకు దైవమిచ్చిన గుర్తును లోపమని కప్పినచో పిల్ల దానివలన ఏమి నేర్చుకొనును? తాను ఉన్నట్లుగా నుండుట చాలదనియే కదా.

మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఈ విషయమును పరిశీలింపకపోలేదు. 2005లో వండర్లిక్, అకార్డ్, హెండర్సన్ అను పరిశోధకులు, చిన్ననాట ఇట్టి పోటీలలో పాల్గొనిన 11 మంది స్త్రీలను, పాల్గొనని 11 మందితో పోల్చి చూచిరి. పాల్గొనినవారిలో తమ శరీరముపై అసంతృప్తి, ఇతరులపై అపనమ్మకము, తమ ఆవేగములను అణచుకొనలేకపోవుట అధికముగా కనబడినవి. దిగులునందు, ఆత్మగౌరవమునందు మాత్రము చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఇరువదిరెండుమందిని చూచి లోకమునకెల్ల తీర్పు చెప్పరాదు. పోటీయే ఆ మనఃక్లేశమునకు కారణమా, లేక బిడ్డను అట్టి పోటీకి పంపిన ఇంటి తీరే కారణమా అనునదియు దానివలన తేలదు. అయినను, శరీరమును ప్రదర్శించి గెలువనేర్చినవారికి ఆ శరీరమే తృప్తి నీయకపోవుట తలపోయదగిన సంగతి. 2007లో అమెరికా మనస్తత్త్వశాస్త్ర సంఘము ప్రకటించిన నివేదిక మరియొక మెట్టు ముందునకు పోయినది. విలువ యంతయు రూపమునందే కలదని బాలికకు నేర్పుట, వయసుకు మించిన ఆకర్షణతో ఆమెను చూపుట అనునవి ఆహారవికారములతోను, ఆత్మగౌరవలోపముతోను, దిగులుతోను ముడిపడి యున్నవని అది తెలిపినది.

పోటీలను సమర్థించువారి మాటయు వినవలెను. పిల్లకు సభాకంపము పోవును, ధైర్యము వచ్చును, పిల్లయే ముచ్చటపడి వచ్చుచున్నదని వారందురు. అంతటితో ఆగక, మీరును బాలురచేత శ్లోకములు చెప్పించి బహుమతు లిచ్చుట లేదా, అదియు పోటీయే కదా యని ఎదురు ప్రశ్న వేయుదురు. ఈ ప్రశ్నను తోసివేయరాదు. శ్లోకములపోటీలో ఓడిన పిల్లవాడును ఏడ్చును. కాని వానిని గురువు దగ్గరకు పిలిచి, ఇచ్చట దీర్ఘము పోయినది, అచ్చట విసర్గ పలుకలేదు అని తప్పిన చోటు చూపగలడు. పిల్లవాడు పది దినములు వల్లెవేసి మరల వచ్చును. అందములో ఓడిన పిల్లకు చూపదగిన చోటు ఏది? ముక్కును వల్లెవేయుట యెట్లు? నృత్యము, నడక, మాట కూడ చూతుమందురు. చూతురు నిజమే, అయినను పిల్ల ఎక్కిన వేదిక పేరు అందాలపోటీ. దిగివచ్చినప్పుడు ఆమె గుండెలో మిగులునదియు ఆ పేరే.

ఆ రాత్రి వేషము విప్పుచుండగా ఆ పిల్ల, ‘అమ్మా, నేను బాగులేనా?’ అని అడుగును. నీకంటె అందగత్తె లేదు తల్లీ అని ఏ తల్లియైనను చెప్పును. కాని ఈ తల్లి ఆ మాట చెప్పు అధికారమును రుసుము చెల్లించి నలుగురు పరాయివారికి అప్పగించి వచ్చినది. ఇక ఆమె చెప్పినను పిల్ల నమ్మునా? ఆ పిల్ల పోగొట్టుకొనినది కిరీటము కాదు, తల్లి మాట. గెలిచిన పిల్ల స్థితియు మేలైనది కాదు. వచ్చే ఏడు పైతరగతిలో క్రొత్త ముఖముల నడుమ నిలువవలెను. 2012లో మార్టినా కార్ట్‌రైట్ అను పరిశోధకురాలు ఈ పోటీలను గూర్చి వ్రాయుచు, పిల్ల గెలుపును తల్లిదండ్రులు తమ గెలుపుగా అనుభవించు తీరును ఎత్తిచూపినది. పిల్ల ముచ్చట అనబడునది ఎవరి ముచ్చటయో అచ్చట తెలియుచున్నది.

శ్రీవైష్ణవులకు నిత్యపరిచితమైన పెరియాళ్వారుల వృత్తాంతము ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. మధురలో ఏనుగు అంబారీపై ఊరేగుచున్న ఆయనకు శ్రీమన్నారాయణుడు గరుడారూఢుడై దర్శనమిచ్చెను. సకలలోకరక్షకుడైన స్వామి సౌందర్యమును చూచి ఆళ్వారు భయపడిరి. ఈ కాలములో, ఈ లోకుల కన్నుల నడుమ, ఈ అందమునకు ఏమగునో యని ఏనుగు గంటలనే తాళములుగా చేకొని తిరుప్పల్లాండు పాడిరి. ఆపద ఎన్నడును తాకని స్వామిని చూచియే మనస్సు అట్లు తల్లడిల్లినది. మార్కులు వేయు కన్నునకు ఈ తల్లడిల్లుట తెలియదు. మేకుకొని చూచి, ప్రక్క పిల్లతో పోల్చి, కాగితముపై అంకె వ్రాయును. తప్పు పిల్ల అందమునందును లేదు, పట్టుపావడయందును లేదు, ఆ చూపునందున్నది.

ఫ్రాన్సుదేశము దీనిని చట్టము చేత అరికట్టదలచినది. 2013 సెప్టెంబరులో ఆ దేశపు సెనేట్, 16 ఏండ్లలోపు పిల్లలకు అందాలపోటీలు నిషేధించు ప్రతిపాదనను 197 ఓట్లతో ఆమోదించినది. 146 మంది వ్యతిరేకించిరి. 2014 ఆగస్టులో వచ్చిన శాసనము కొంత సడలి, 13 ఏండ్లలోపు వారికి మాత్రము నిషేధము విధించి, ఆపైన 16 వరకు ప్రభుత్వానుమతి కావలెనన్నది. వేదికను చట్టము మూయగలదు. ఇంటిలో అద్దము ముందు జరుగు దానిని మూయలేదు.

దూరదేశపు దోషములు లెక్కించుట సులభము. కృష్ణాష్టమినాడు మన ఊళ్లలోను, బడులలోను, కొన్ని దేవాలయప్రాంగణములందును చిన్నికృష్ణుల వేషములపోటీ జరుగుట అందరెరిగినదే. బిడ్డకు పింఛము కట్టి, పిల్లనగ్రోవి చేతికిచ్చి, వీధిలో నడిపించుటకంటె కన్నులపండుగ లేదు. ముప్పదిమంది కృష్ణులు ఒకచోట చేరినచో అది వ్రేపల్లెయే. కాని వారిలో ముగ్గురిని ఎన్నుకొని వేదికపై నిలుపగానే, తక్కిన ఇరువదియేడుగురు కృష్ణులు ఒక్క క్షణములో ఓడిన పిల్లలగుదురు. అందరి దోసిళ్లలో వెన్న పెట్టి పంపిన వేడుకకు వచ్చు లోటేమో నిర్వాహకులు ఆలోచింపవచ్చును. ఇంటికి వచ్చిన తల్లి ఉప్పు, మిరపకాయలు చేతబట్టి బిడ్డకు దిష్టి తీయును. ముఖముమీది నీలిరంగు ఇంకను ఆరనే లేదు. ‘నాకెందుకు ఇవ్వలేదమ్మా?’ అని బిడ్డ అడుగుచునే యుండును.