సెల్‌ఫోను - చిత్తచాంచల్యము

తిరుమలలో శ్రీవారి ఆలయములోనికి సెల్‌ఫోను కొనిపోరాదు. భక్తులు దానిని ముందుగానే అప్పగించి వైకుంఠం క్యూ కాంప్లెక్సున ప్రవేశింతురు. అచ్చట కూర్చున్న కళాశాల విద్యార్థులను గమనింపుడు. చేయి మాటిమాటికి ఖాళీ జేబును తడుముచుండును. ఏదో కబురు తప్పిపోయెనేమో, మిత్రులు తమను మరచిరేమో అను గుబులు ముఖమున కానవచ్చును. గోవిందనామము చెవిని పడుచుండగనే మనస్సు ఫోన్ల కౌంటరులో నుండును! పెద్దలమైన మనకును ఇందు మినహాయింపు లేదు సుమా.

ఫోను మ్రోగినపుడెల్ల మంచివార్త రాదు. ఎప్పుడు వచ్చునో తెలియదు. తెలియదు కనుకనే మరల మరల చూడవలెననిపించును. పేకాటలో ఒకసారి గెలిచినవాడు పదిసార్లు ఓడియు లేవలేకపోవుట యిట్టిదే. అయినను పరీక్షాఫలితములు, ఉద్యోగపు పిలుపులు, హాస్టలులోని బిడ్డకు అమ్మ గొంతు వచ్చునది ఆ యంత్రముననే. దానిని పారవేయుమనుట తేలిక, ఆచరణసాధ్యము కాదు.

గీతాచార్యుడు రెండవ అధ్యాయమున పతనమునకు మొదటి మెట్టు విషయములను తలపోయుటయే అనెను. చేత పట్టుట అనలేదు. సంగము, కామము, క్రోధము, తుదకు బుద్ధినాశము దాని వెంట వచ్చును. ఫోను దగ్గర లేనపుడు కలుగు కలతయే యిందుకు సాక్ష్యము.

నోరెండుట, ఒడలు వణకుట, నిలువలేకపోవుట - అర్జునుడు చెప్పుకొన్న బాధలివి. పరీక్షల రాత్రి మన పిల్లలు చెప్పునవియు నివియే. భగవానుడు మొదట మందలించినది రెండు శ్లోకములలో; ఆపై ఓపికతో బోధించినది గీత యంతయు. మన యిండ్లలో నిది తలక్రిందులైనది!

నిద్రాహారములు తప్పి, చదువు సాగక, వారముల తరబడి కలత వీడనిచో బిడ్డను వైద్యునికి చూపవలెను. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2014లో ఇట్టివారికై ప్రత్యేక చికిత్సాలయము నారంభించినది. భక్తి కొరవడినదని నిందింపరాదు. అర్జునునికి భక్తి కొరవడెనా?

మనస్సు గాలివలె పట్టుబడదని ఆరవ అధ్యాయమున అతడు మొరపెట్టగా స్వామి కాదనలేదు; అభ్యాస వైరాగ్యములను ఉపాయముగా చెప్పెను. సంధ్యాదీపము పెట్టువేళ ఇంటిల్లిపాది ఫోనులు, తండ్రిది ముందుగా, ఒక పళ్ళెములో నుంచి, పది నిమిషములు విష్ణుసహస్రనామము పఠింపుడు. రాత్రి అవి పడకగది వెలుపలనే యుండనిండు. తొలిదినములలో పఠనము నడుమ పిల్లవాని చూపు పళ్ళెము వైపు పోవును. పోయినను కసరక, తరువాతి నామమును వానిచేత చెప్పింపుడు.