గాయపడ్డ దుప్పి ఎవరిది?

వేట గురించి మన కుర్రాళ్ళు ఎప్పుడు మాట్లాడుకున్నా దొరికిన జంతువు గురించే మాట్లాడుకుంటారు. ఎంత బరువుంది, ఎన్ని వాటాలయ్యాయి, ముందు తగిలింది ఎవరి బాణం. దొరకనిదాని గురించి ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు. దెబ్బ తగిలింది, నాలుగు చుక్కల నెత్తురు కనిపించింది, తర్వాత జాడ పోయింది. 'తప్పించుకుందిరా' అనేసి ఇంకో మాటలోకి వెళ్ళిపోతారు. నాకు ఆ మాట మీదే పేచీ. పొట్టలో ఇనప ములికితో పొదలోకి వెళ్ళిన దుప్పి తప్పించుకోలేదు. మన కంటికి కనపడకుండా చస్తుంది, అంతే.

ముందే ఒక సంగతి చెప్పాలి. వేటకు వెళ్ళమని నేనిది రాయడం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు అడ్డుకట్ట వేసింది. 1991 సవరణతో లైసెన్సు తీసుకుని సరదాకి ఆడే వేటలు కూడా పోయాయి. 2006 అటవీ హక్కుల చట్టం మన సంప్రదాయ హక్కుల్ని ఎన్నిటినో గుర్తించింది గాని, వేట హక్కును మాత్రం ప్రత్యేకంగా పేర్కొని మినహాయించింది. నికోబార్ దీవుల తెగల వేట హక్కుల జోలికి 1972 చట్టం పోలేదు, మన విషయంలో అలాంటి మాట లేదు. ఇది న్యాయమా అన్నది వేరే చర్చ, చెయ్యాల్సిన చర్చే. ఇక్కడ నాకు కావలసింది ఆ చట్టంలోని ఒక చిన్న సంగతి. వేట అంటే ఏమిటో చెప్పేచోట చంపడం, పట్టుకోవడం, ఉచ్చు వెయ్యడంతోపాటు గాయపరచడాన్ని కూడా చేర్చారు. 'నేను చంపలేదు గదా, అది పారిపోయింది గదా' అంటే అక్కడ చెల్లదు. మా ఊరి పెద్దల దగ్గర కూడా చెల్లేది కాదు.

మా చిన్నాన్న మా ఇంట్లో విల్లు పట్టిన చివరి మనిషి. ఆయన వేట కథలు చెప్పమంటే ఎక్కువగా బాణం వెయ్యని రోజుల గురించే చెప్పేవాడు. ఎదురుగా నిలబడి చూస్తున్న దుప్పి మీద వెయ్యకూడదు. పరిగెత్తేదాని మీద వెయ్యకూడదు. మధ్యలో వేలెడంత కొమ్మ అడ్డమున్నా వెయ్యకూడదు, అది బాణాన్ని పక్కకు తిప్పేస్తుంది. పొద్దు వాలాక అసలే వెయ్యకూడదు. ఎందుకని అడిగితే, "సీకట్లో నెత్తురు నల్లగుంటదిరా. ఆకేదో, నెత్తురేదో నీకు తెల్దు. ఎతకలేనోడు ఎయ్యకూడదు" అన్నాడు. నాకు తెలిసి వేట మీద ఇంతకన్నా పెద్ద శాస్త్రం లేదు.

ఎక్కడ వెయ్యాలన్నది ఎందుకంత ముఖ్యమో పిల్లలకు చెప్పేటప్పుడు జంతువు లోపల ఏముందో చెప్పాలి. ముందుకాలు ఒంట్లోకి కలిసే చోటికి కాస్త వెనక, పక్కటెముకల చాటున, గుండె, దాన్ని ఆనుకుని ఊపిరితిత్తులు ఉంటాయి. బాణం తుపాకీ గుండు లాగ అదటుతో పడగొట్టదు. లోపల కోస్తుంది, నెత్తురు కారి జంతువు పోతుంది. రెండు ఊపిరితిత్తులూ తెగితే దుప్పి మామూలుగా వంద, నూటయాభై గజాల లోపే కూలిపోతుంది. ఆ చోటికి జానెడు వెనక పడితే పొట్ట, పేగులు. అప్పుడది గంటల తరబడి బతికే ఉంటుంది, ఒక్కోసారి మర్నాటిదాకా. వేసినవాడి చేతిలో అది జానెడు తేడా. దుప్పికి ఒక నిమిషానికీ ఒక రాత్రికీ ఉన్న తేడా.

దెబ్బ ఎక్కడ తగిలిందో నెత్తురే చెబుతుంది. లేత ఎరుపులో చిన్న చిన్న నురగ బుడగలుంటే ఊపిరితిత్తి. ముదురుగా, నల్లగా ఉంటే కార్జం. నెత్తురు తక్కువగా ఉండి, ఆకుపచ్చ పసరు, నమిలిన గడ్డి, వాసన ఉంటే పొట్ట. మొదట బాగా కారి తర్వాత చుక్కలు చుక్కలుగా తగ్గిపోతే బహుశా ఒట్టి కండకే తగిలింది. నేల మీదే కాదు, మోకాలెత్తు గడ్డిపోచల పక్కలు, ఆకుల అడుగు చూడాలి. చివరి చుక్క కనిపించిన చోట గుర్తుగా ఒక మనిషి నిలబడితే, రెండోవాడు ముందుకు వెళ్ళి వెతకాలి.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసేది పొట్ట దెబ్బ. తగిలిన వెంటనే వెంటపడాలనిపిస్తుంది. పాపం త్వరగా ముగించేద్దాం అని మనసు లాగుతుంది. కానీ వెంటపడితే ఆ జంతువు భయంతో రెండు కొండలు దాటిపోతుంది, జాడ తెగిపోతుంది, చావు ఇంకా దూరంగా ఇంకా ఆలస్యంగా జరుగుతుంది. వెంటపడకపోతే అది దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది. అందుకని తెలిసినవాడు గంటల తరబడి కదలకుండా కూర్చుంటాడు. దయ ఉన్నవాడు పరిగెత్తాలి గదా, కూర్చోవడమేమిటి అని తెలియనివాడికి అనిపిస్తుంది. జాలి ఒక్కటే ఉండి తెలివి లేకపోతే ఆ జాలే జంతువును మరింత హింసిస్తుంది. ఇది అడవికి ఒక్కదానికే వర్తించే సంగతి కాదని పంతుళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇద్దరు ఒకేలా గురిపెట్టారు. ఒకడి బాణం వదిలిన క్షణంలో దుప్పి కదల్లేదు, అక్కడే చచ్చింది. రెండోవాడిది వదిలాక దుప్పి ఒక అడుగు ముందుకేసింది, పొట్టలో తగిలింది, దొరకలేదు. రెండోవాడు మొదటివాడికన్నా తప్పు చేశాడా? బాణం గాలిలో ఉన్న ఆ రెప్పపాటు ఎవరి చేతిలోనూ లేదు. అందుకని దానికి మెచ్చుకోలూ వద్దు, తిట్లూ వద్దు అంటాను. మనిషి చేతిలో ఉన్నవి దానికి ముందు, దాని తర్వాత. వదలాలా వద్దా అన్నది అతనిదే. తగిలాక వెతకడం, వెతక్కపోవడం మళ్ళీ అతనిదే. మంచి చెడూ లెక్క కట్టాల్సింది ఆ రెండు చోట్లే.

దశరథుడి కథ అందరికీ తెలిసిందే. చీకట్లో నీళ్ళ చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు, కుండ ముంచుకుంటున్న కుర్రాడికి తగిలింది. చూడకుండా శబ్దాన్నిబట్టి కొట్టడాన్ని కథల్లో గొప్ప విద్యగా చెబుతారు. మా చిన్నాన్న లెక్కలో అది వెయ్యకూడని బాణం. అయితే అదే దశరథుడు తర్వాత పారిపోలేదు. అరుపు వినిపించిన చోటికి వెళ్ళాడు, చస్తున్నవాడి ముందు కూర్చున్నాడు, బాణం తీశాడు, ఆ గుడ్డి తల్లిదండ్రులకు నీళ్ళు పట్టుకెళ్ళి నేనే చేశానని చెప్పాడు. తర్వాతి పని సరిగ్గానే చేశాడు. అయినా శాపం తప్పలేదు. వెతుక్కుంటూ వెళ్ళినంత మాత్రాన తొందరపడి వేసిన బాణం ఒప్పైపోదు. వెళ్ళకపోతే మాత్రం తప్పు రెండింతలవుతుంది.

ముందు తగిలింది ఎవరి బాణం అన్న తగాదా కూడా పాతదే. కిరాతుడి వేషంలో వచ్చిన శివుడూ అర్జునుడూ ఒకే పంది మీద బాణాలు వేసి, నాది నాదని కొట్టుకున్నారు. అక్కడ పంది చచ్చింది కాబట్టి కొట్టుకున్నారు. అది ఇద్దరి బాణాలతో కొండెక్కి పోయుంటే, ఇద్దరిలో ఒక్కడైనా 'నాది' అనేవాడా? చచ్చిన జంతువు మీద హక్కు అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. గాయంతో తిరిగేదాన్ని మాత్రం ఎవరూ నాదనరు. నా ఉద్దేశంలో మాంసం మీద హక్కు బాణం తగలడంతో రాదు, దాని వెనక నడవడంతో వస్తుంది.

దీనికి ఎదురుమాట ఒకటుంది, మంచి మాటే. "అడవిలో ఏదీ వృథా పోదు మాస్టారూ. మనకు దొరక్కపోతే రేచుకుక్కలు తింటాయి, నక్కలు తింటాయి." నిజమే. కాని ఈ మాట మాంసం గురించి చెబుతోంది, దుప్పి గురించి కాదు. వృథా అయిందా లేదా అన్నది తినేవాళ్ళ లెక్క. రాత్రంతా పొదలో మూలిగినదాని లెక్క వేరే. రేచుకుక్కలు మాత్రం బతికుండగానే పీక్కు తినవా అంటారు. తింటాయి. వాటికి ఇంకో దారి లేదు. మనకుంది.

ఈ రోజుల్లో విల్లు కంటే తీగ ఎక్కువైంది. మోటారుసైకిలు క్లచ్ వైరు, సైకిలు బ్రేకు తీగ ఉచ్చు కట్టి అడవిలో వదిలేస్తున్నారు. కరెంటు తీగలు లాగి మనుషుల ప్రాణాలు కూడా తీస్తున్నారు. ఇందులో మన వాళ్ళున్నారు, బయటివాళ్ళున్నారు, పట్నం నుంచి మాంసం బేరమాడే వాళ్ళున్నారు. దొరికిపోయేది ఎక్కువగా మన వాళ్ళే, అది వేరే బాధ. ఉచ్చు అంటే పగలూ రాత్రీ ఎక్కుపెట్టి వదిలేసిన విల్లు. వెనక చూసే కన్ను లేదు. ఎదురుగా ఉన్నది చూడిదా, పిల్లతల్లా అని ఆగేవాడు లేడు. తీగ తెంపుకుని, ఎముక దాకా తెగిన కాలితో పోయినదాని వెనక నడిచేవాడూ లేడు. ముందు లేదు, తర్వాత లేదు. అందుకే చట్టం సంగతి పక్కనబెట్టినా ఉచ్చును వేట అనడానికి నాకు నోరు రాదు.

ఇక మన పిల్లలకు నిజంగా ఎదురయ్యే చిక్కు ఇది. అడ్డాకులకో చీపురుపుల్లలకో వెళ్ళిన కుర్రాడికి కాలికి తీగ బిగిసిన దుప్పి కనిపించింది. వేసింది వాడు కాదు. వెళ్ళి చెబితే మొదటి అనుమానం వాడి మీదే. చెప్పకపోతే అది నాలుగు రోజులు చస్తుంది. వాడి భయం ఉత్త భయం కాదు, అలా చెప్పబోయి కేసుల్లో ఇరుక్కుంటారేమోనని తల్లులు పిల్లల నోళ్ళు మూయించడం నేను చూశాను. ఒంటరిగా వెళ్ళి చెప్పమని ఆ కుర్రాడికి నీతి బోధించడం నాకు ఇష్టం లేదు. ఆ బరువు ఊరు మొయ్యాలి. వేట హక్కును మినహాయించిన ఆ 2006 చట్టమే, వన్యప్రాణుల్ని కాపాడే అధికారాన్ని అయిదో సెక్షనులో గ్రామసభ చేతికిచ్చింది. కుర్రాడు వచ్చి పెద్దలకు చెబితే, అదే పూట నలుగురు కలిసి గ్రామసభ పేరుతో కాగితం రాసి పట్టుకెళ్ళితే, అనుమానం ఒక్కడి నెత్తిన పడదు. దుప్పికి సాయం అందుతుందో లేదో చెప్పలేను. ప్రయత్నం చెయ్యడానికి దారి మాత్రం ఉంది.

చివరగా మన పండుగ సంగతి. పాడేరు ఏజెన్సీలో చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్ళు అడవికి వేటకు పోవడం, ఆడవాళ్ళు థింసా ఆడుతూ దారులకు అడ్డుకట్టి వచ్చేపోయేవాళ్ళ దగ్గర చిల్లర వసూలు చెయ్యడం ఆనవాయితీ. వేట లేకుండా ఉత్త చేతులతో వచ్చినవాడి మీద పేడనీళ్ళు పోసి ఎగతాళి చేస్తారు. సరదాగానే చేస్తారు, నాకూ ఆ పండుగంటే ఇష్టమే. కాని ఆ పేడనీళ్ళ భయం మగవాడి చేత ఏం చేయిస్తుందో ఎవరూ ఆలోచించరు. సాయంత్రమైంది, చేతిలో ఏమీ లేదు, పొద చాటున ఏదో కదిలింది. అప్పుడు వెయ్యకుండా ఆగినవాడికీ, అడవికెళ్ళి చెట్టు కింద నిద్రపోయి వచ్చినవాడికీ ఊరు ఒకే పేడనీళ్ళు పోస్తుంది. ఆగినవాణ్ణి గుర్తుపట్టే పద్ధతి మన ఆచారంలో నాకు కనిపించలేదు.

మొన్న ఇదే మాట మా మేనత్త దగ్గర అన్నాను. ఈసారి కుర్రాళ్ళు అడవిలోకి పోయి వేటకు బదులు ఉచ్చుతీగలు ఏరుకుని తెస్తే అడ్డుకట్ట దగ్గర మీరేం చేస్తారత్తా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించింది. "ఎన్ని తీగలు తెత్తారో ముందు లెక్కెడతాం నాయనా. పది తెచ్చినోడికి పేడనీళ్ళు పొయ్యం. చిల్లర మాత్రం వొదిలేది లేదు" అంది.