ఫిర్యాదు చెయ్యనివాళ్ళ తరఫున

వారాంతాల్లో నేను ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడతాను. 1999లో వచ్చిన ఆట. 2019లో కొత్త మెరుగులతో మళ్ళీ విడుదలయ్యాక, హాస్టల్ రోజుల్లో ఆడి వదిలేసిన నాలాంటివాళ్ళు చాలామంది తిరిగొచ్చారు. అలా పోగైన తెలుగువాళ్ళ డిస్కార్డ్ గ్రూప్ ఒకటుంది, రెండొందల మందిమి. ఈమధ్య అందులో ఇద్దరు కొత్త మోడరేటర్లు కావాల్సొచ్చింది. వాళ్ళని ఎంచే ఐదుగురిలో నేనొకణ్ణి. చిన్న విషయమే. కానీ అధికారం ఎవరి చేతికివ్వాలన్న ప్రశ్న రెండొందల మందికైనా రెండు కోట్ల మందికైనా ఒకటే. చిన్నచోటయితే దాన్ని దగ్గర్నుంచి చూడొచ్చు.

అడగ్గానే తొమ్మిదిమంది ముందుకొచ్చారు. దాదాపు అందరూ రేటింగ్‌తోనే మొదలుపెట్టారు: నాదింత, ఇన్నేళ్ళుగా ఆడుతున్నాను, ఇన్ని టోర్నమెంట్లు గెలిచాను. అందులో తప్పేం లేదు. బాగా ఆడేవాడి మాటకి బరువుంటుంది, తగువొస్తే అతను చెప్తే వింటారు. మన ఆఫీసుల్లోనూ ఇదే వరస. కోడ్ బాగా రాసేవాణ్ణి మేనేజర్ని చేస్తాం. మంచి మేనేజర్ దొరికాడా, లేక మంచి ప్రోగ్రామర్ని పోగొట్టుకున్నామా అన్నది తర్వాత తెలుస్తుంది. నేర్పు, న్యాయబుద్ధి ఒకే మనిషిలో ఉండొచ్చు. ఉండి తీరాలని మాత్రం లేదు.

అసలు మోడరేటర్ అవసరం ఎవరికి? ఈ ఆటలో చాట్‌లో 11 అని కొడితే అందరికీ ఒక పగలబడి నవ్వు వినిపిస్తుంది. స్నేహితుల మధ్య అది సరదా. ఇప్పుడు నిన్నగాక మొన్న చేరిన ఒకణ్ణి ఊహించుకోండి. అడవిపందిని టౌన్ సెంటర్ దాకా ఎలా లాక్కురావాలో అతనికింకా తెలీదు. పంది చేతిలో ఇద్దరు పనివాళ్ళని పోగొట్టుకున్నాడు, పావుగంటలో ఓడిపోయాడు. ముగ్గురు వరసగా 11 కొట్టారు. అదే నవ్వు. ఏ నియమమూ తప్పలేదు, ఎవరూ బూతు మాట్లాడలేదు. అతను కిటికీ మూసేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

బాగా ఆడేవాడికి అన్యాయం జరిగితే ఊరుకోడు. స్క్రీన్‌షాట్ పెడతాడు, నలుగురిని ట్యాగ్ చేస్తాడు, అర్ధరాత్రి దాకా వాదిస్తాడు. కొత్తవాడికి నియమాలు తెలీవు, ఎవరికి చెప్పాలో తెలీదు. అన్నిటికీ మించి, తప్పు తనదేనేమో అనుకుంటాడు. మాకు వచ్చిన ఫిర్యాదులు తిరగేస్తే కొత్తవాళ్ళ పేర్లు ఎక్కడో గానీ కనబడవు. అది చూసి వాళ్ళు హాయిగా ఉన్నారనుకోవడం, స్టేషన్‌కి ఆడవాళ్ళెవరూ రాలేదు కాబట్టి ఊళ్ళో ఆడవాళ్ళకి కష్టాల్లేవనుకోవడం లాంటిది. మోడరేటర్ పనిలో సగం, ఎవరూ చెయ్యని ఫిర్యాదుని వినడమే అని నాకనిపిస్తుంది. రెండో సగం, అంటే తగువులు తీర్చడం, నేర్చుకుంటే వస్తుంది.

దీనికి మా గ్రూప్‌లోనే ఒక జవాబుంది. "మేమూ తిట్లు తినే నేర్చుకున్నాం, ఇంత బుజ్జగింపెందుకు?" ఇది నాకు కొత్త మాట కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్‌ని నిషేధిస్తూ 1997లోనే చట్టమొచ్చింది. ఆ తర్వాత పదేళ్ళకి నేను ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కూడా "ర్యాగింగ్ వల్ల ధైర్యమొస్తుందిరా" అనే సీనియర్లున్నారు. తిట్లు తిని నిలబడ్డవాడు తిట్ల గొప్పతనం చెప్తాడు. తట్టుకోలేక వెళ్ళిపోయినవాడు ఎదురు చెప్పడానికి అక్కడ ఉండడు. మిగిలినవాళ్ళ సాక్ష్యంతోనే తీర్పిస్తే, ఏ క్రూరత్వమైనా మంచి పాఠంలాగే కనబడుతుంది.

మరి ఆ వినపడని ఫిర్యాదు వినేవాడెవరు? ఒక గుర్తుంది. కొత్తవాళ్ళు సందేహమొస్తే ఎవరినడుగుతారో చూడాలి. మా దగ్గర "అన్నా, పంది నన్నే చంపేస్తోంది" అని అందరూ మెసేజ్ పెట్టేది కాకినాడలో ఉండే ఒకాయనకి. రేటింగ్ ఓ మోస్తరు. ఓడినవాడితో కూర్చుని ఆట రికార్డింగ్ మొత్తం చూసి, ఒక్క తప్పు మాత్రమే చెప్తాడు. ఎందుకని అడిగితే, "పది చెప్తే మనిషి పారిపోతాడండీ" అన్నాడు. ముందుకొచ్చిన తొమ్మిదిమందిలో ఆయన లేడు.

ఇలాంటివాళ్ళు ఎందుకు ముందుకు రారన్నది పాత ప్రశ్నే. ప్లేటో 'రిపబ్లిక్' మొదటి భాగంలో సోక్రటీస్ అంటాడు: మంచివాళ్ళు డబ్బు కోసమో గౌరవం కోసమో పాలించరు, పాలించడానికి ఒప్పుకోకపోతే తమకంటే నాసిరకం మనిషి పాలనలో బతకాలి, ఆ శిక్షకి భయపడి ఒప్పుకుంటారు. చదివినప్పుడు గొప్పగా ఉంటుంది. ఒక మనిషికి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాల్సొచ్చినప్పుడు మాత్రం అందులోని బెదిరింపు వినబడుతుంది. "మీరు రాకపోతే ఫలానావాడొస్తాడు." మంచితనం ఉన్నందుకు మనిషికి పడే జరిమానా అది.

ఆటల ప్రపంచం ఈ జరిమానాని ముందే చూసింది. 1997లో మొదలైన అల్టిమా ఆన్‌లైన్‌లో కొత్త ఆటగాళ్ళకి సాయం చెయ్యడానికి కౌన్సెలర్లని వాలంటీర్లుండేవాళ్ళు. వాళ్ళలో కొందరు, మేం చేసింది ఉద్యోగమే, జీతమివ్వండని కోర్టుకెళ్ళారు. చాట్ గదులు చూసుకున్న ఏఓఎల్ వాలంటీర్లు 1999లో అలాంటి కేసే వేశారు, చివరికది కోటిన్నర డాలర్లకి రాజీ అయింది. ఇష్టంగా చేసే పని ఎక్కడ వెట్టిగా మారుతుంది? నా లెక్కలో, వద్దనే వీలు పోయిన చోట. మా గ్రూప్‌తో ఎవరూ డబ్బు చేసుకోవడం లేదు, నిజమే. కానీ ఒకాయన రాత్రుళ్ళు ఖర్చయితే మా రెండొందల మందికి వారాంతం ప్రశాంతంగా గడుస్తుందంటే, అదీ ఒక దోపిడీయే.

ఇంకో దారి కూడా ఉంది. ఈవ్ ఆన్‌లైన్‌లో ఆటగాళ్ళే 2004లో ఈవ్ యూనివర్సిటీ అని ఒకటి పెట్టుకున్నారు. కొత్తవాళ్ళకి ఆట నేర్పడమే దాని పని. అక్కడ నేర్చుకున్నవాళ్ళలో కొందరు తర్వాత నేర్పేవాళ్ళవుతారు. దయ ఒక్క మనిషి సుగుణంగా ఉన్నంతకాలం ఆ మనిషి అలిసిపోయే రోజొకటి వస్తుంది. దాన్ని అందరి అలవాటు చేస్తే, ఒకరు తప్పుకున్నా నడుస్తుంది.

కాకినాడ ఆయన్ని అడిగాం, భయపెట్టకుండా. "నేర్పమంటే నేర్పుతానండీ, తగువులు మాత్రం నావల్ల కాదు" అన్నాడు. కారణం అడగలేదు. ఎదుటివాడు కాదంటే ఊరుకోలేనప్పుడు మనం చేసింది అడగడం కాదు, ఆజ్ఞాపించడం.

దాంతో ఆ తొమ్మిదిమంది దగ్గరికే మళ్ళీ వెళ్ళాం. రేటింగ్ పక్కన పెట్టి ఒకే ప్రశ్న వేశాం: ఈ ఏడాది మీరు ఆట నేర్పిన ముగ్గురి పేర్లు రాయండి. నలుగురు ఖాళీగా వదిలేశారు. ముగ్గురు ఒక్కో పేరు రాశారు. మూడేసి పేర్లు రాసినవాళ్ళు ఇద్దరు. వాళ్ళనే తీసుకున్నాం, ఆర్నెల్లకి. ఆ తర్వాత ఉండాలో మానాలో వాళ్ళిష్టం. బాగా ఆడే కుర్రాడొకడు అలిగాడు. అతని కోపంలో కొంత న్యాయముంది కూడా, ఎందుకంటే ఈ పరీక్ష ఉంటుందని ముందు ఎవరికీ చెప్పలేదు. ఆర్నెల్ల తర్వాత ఇదే ప్రశ్న ఉంటుందని ఇప్పుడు అందరికీ చెప్పాం. పదవి కోసమైనా కొందరు నేర్పడం మొదలుపెడతారు. పెట్టనీ. నేర్చుకునేవాడికి అవతలివాడి ఉద్దేశంతో పని లేదు, పంది దొరికితే చాలు.

ఆ ఇద్దరూ రాసిన ఆరు పేర్లలో రెండు, ఎంచడానికి కూర్చున్న మా ఐదుగురిలో ఎవరికీ తెలీవు. వెతికి చూస్తే ఇద్దరూ ఇంకా ఆడుతూనే ఉన్నారు.