క్షేమంగా తిరిగి రావడమే సాక్ష్యమా?

2024 సెప్టెంబర్‌లో ఒక జుమా నమాజు తర్వాత ఓ యువకుడు నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. అతను ఒక భవన నిర్మాణంలో సూపర్‌వైజర్. సిమెంటు, ఇటుకలతోపాటు కూలీలను కూడా పై అంతస్తులకు చేర్చే లిఫ్టు తాడులో కొన్ని పోగులు తెగి ఉండటం గమనించాడు. తాడు మార్చేవరకు మనుషులను ఎక్కించకూడదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. పని రెండు రోజులు ఆగిపోయింది. కొత్త తాడు వచ్చాక కాంట్రాక్టరు పాత తాడుకు బరువులు కట్టించి, అందరి ముందూ వేలాడదీయించాడు. అది తెగలేదు. అందరూ నవ్వారు.

“హజ్రత్! తాడు తెగలేదు కదా, మరి నేను చేసింది తప్పేనా? రెండు రోజుల కూలి పోగొట్టుకున్నవాళ్ల ఉసురు నాకు తగులుతుందా?” అని అడిగాడు.

అతని ప్రశ్న చిన్నదేమీ కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక అంతరిక్ష నౌక ఖాళీగా, ఏ ప్రమాదమూ లేకుండా భూమికి దిగింది. ఆ నౌక కూడా మన ముందు ఇదే ప్రశ్నను ఉంచింది. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా ఆలోచిద్దాం.

ఖాళీగా దిగిన నౌక

2024 జూన్ 5న బుచ్ విల్మోర్, సునీతా విలియమ్స్ అనే ఇద్దరు అమెరికన్ వ్యోమగాములు బోయింగ్ సంస్థ నిర్మించిన స్టార్‌లైనర్ నౌకలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరారు. మనుషులతో ఆ నౌక చేసిన మొదటి ప్రయాణం అదే. సుమారు ఎనిమిది రోజుల్లో వారు తిరిగి రావాలి. కానీ నౌకలో హీలియం వాయువు లీకైంది. కేంద్రాన్ని సమీపిస్తుండగా, నౌకను అటూ ఇటూ తిప్పే 28 చిన్న ఇంజిన్లలో ఐదు ఆగిపోయాయి. వాటిలో నాలుగు తర్వాత మళ్ళీ పనిచేశాయి.

ఇంజినీర్లు వారాల తరబడి పరీక్షలు జరిపారు. నౌక క్షేమంగానే వస్తుందని నిర్మించిన సంస్థ నమ్మకంగా చెప్పింది. ఆ ఇంజిన్లు తిరుగు ప్రయాణంలో ఎలా ప్రవర్తిస్తాయో ఖాయంగా చెప్పలేమన్నది నాసా నిపుణుల మాట. చివరికి ఆగస్టు 24న నాసా తన నిర్ణయాన్ని ప్రకటించింది: నౌక ఖాళీగా వస్తుంది, మనుషులు అక్కడే ఆగుతారు.

సెప్టెంబర్ 7న స్టార్‌లైనర్ అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారిలో క్షేమంగా దిగింది. ఆ ఇద్దరూ మాత్రం 2025 మార్చి 18న వేరొక నౌకలో భూమిని చేరారు. ఎనిమిది రోజులనుకున్న ప్రయాణం 286 రోజులైంది.

వారు అదే నౌకలో వచ్చి ఉంటే ఏమయ్యేది? బహుశా ఏమీ అయ్యేది కాదు. అయితే ఆపినవారు పొరబడ్డారా? కాంట్రాక్టరు వేలాడదీసిన తాడు, ఎడారిలో దిగిన నౌక రెండూ “ఏమీ కాలేదు చూడండి” అనే అంటున్నాయి. ఈ వాదనలో ఎంత ప్రమాదం ఉందో తెలియాలంటే మరో రెండు నౌకల గాథ వినాలి.

“ఇంతవరకు ఏమీ కాలేదు”

1986 జనవరి 28న ఛాలెంజర్ నౌక ఆకాశంలోకి లేచిన 73 సెకన్లకే ముక్కలైపోయింది. అందులోని ఏడుగురూ మరణించారు. వారిలో ఒకరు బడిలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలు.

కారణం ఒక రబ్బరు వలయం. రాకెట్టు భాగాల అతుకుల మధ్య నుంచి మంటలు బయటికి రాకుండా అడ్డుపడటం దాని పని. చలికి ఆ రబ్బరు బిగుసుకుపోయి, తిరిగి సాగలేకపోయింది. ఈ సంగతి ముందే ఎవరికీ తెలియదా? తెలుసు! అంతకుముందు కొన్ని ప్రయాణాల్లోనే ఆ వలయాలు కాలి, తరిగిపోయి కనిపించాయి. ప్రయోగానికి ముందురోజు రాత్రి, రాకెట్టును తయారుచేసిన థయోకోల్ కంపెనీ ఇంజినీర్లు సుమారు 12 డిగ్రీల కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగం జరపవద్దని ఫోనులో గట్టిగా చెప్పారు. మరునాడు ప్రయోగ సమయానికి అక్కడ ఉన్నది సుమారు 2 డిగ్రీలు.

అధికారులు వాదించారు. కంపెనీ పెద్దలు తమలో తాము మాట్లాడుకుని, తమ ఇంజినీర్ల మాటను పక్కనబెట్టి ప్రయోగానికి అంగీకారం తెలిపారు. న్యాయంగా అయితే ప్రయోగించేవారు “ఇది క్షేమం” అని రుజువు చేయాలి. ఆ రాత్రి మాత్రం వద్దన్నవారినే “ఇది ప్రమాదం” అని రుజువు చేయమన్నారు. రుజువు చేసే భారం తలకిందులైంది! రాత్రి జరిగిన ఈ చర్చ సంగతి నౌక ఎక్కబోయే ఏడుగురికీ ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత విచారణ సంఘంలో సభ్యుడైన ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక వింతను బయటపెట్టారు. నౌక నాశనమయ్యే అవకాశం ఎంత అని అడిగితే, పనిచేసే ఇంజినీర్లు సుమారు వందలో ఒకటి అన్నారు. పైఅధికారులు లక్షలో ఒకటి అన్నారు. అంటే రోజుకొక నౌక చొప్పున 270 ఏళ్లకు పైగా పంపినా పోయేది ఒక్కటేనన్నమాట! చివరికి జరిగిందేమిటి? 2011లో ఆ నౌకల శకం ముగిసేనాటికి 135 ప్రయాణాలు జరిగాయి. రెండు నౌకలు, 14 ప్రాణాలు పోయాయి.

ఆ రెండో నౌక కొలంబియా. మన దేశంలో హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా అందులో ఉన్నారు. 2003 జనవరి 16న అది పైకి లేచిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. దాని బరువు కిలో కూడా లేదు. కానీ నౌక వేగం కారణంగా ఆ దెబ్బ తుపాకి గుండులా తగిలింది. నురుగు ఊడటం కొత్త సంగతి కాదు. 2002 అక్టోబర్‌లోనూ ఒక ముక్క ఊడి రాకెట్టుకు తగిలింది. నౌక క్షేమంగా తిరిగొచ్చింది. అందుకే దాన్ని మామూలు సంగతిగా తీసుకున్నారు.

రెక్కను అంతరిక్షంలో ఉండగానే ఫోటోలు తీయించమని ఇంజినీర్లు అడిగారు. ఆ విన్నపాలు నెరవేరలేదు. వారిలో రాడ్నీ రోచా అనే ఇంజినీరు ఈ నిరాకరణ సరికాదని ఘాటుగా ఒక లేఖ రాసుకుని కూడా, పైవారికి పంపకుండా ఆగిపోయారు. వ్యోమగాములకు మాత్రం నురుగు తగిలిన సంగతి చెబుతూనే, ఆందోళన పడాల్సిందేమీ లేదని కబురు పంపారు. ఫిబ్రవరి 1న దిగడానికి 16 నిమిషాల ముందు కొలంబియా ఆకాశంలోనే విచ్ఛిన్నమైంది. ఏడుగురూ మరణించారు.

సోదరులారా, గమనించండి! ఈ రెండు చోట్లా మనుషులను ముంచింది అజ్ఞానం కాదు. “ఇంతవరకు ఏమీ కాలేదు” అన్న మాట ముంచింది. ప్రమాదం గురించి హెచ్చరించిన ప్రతి ప్రయాణమూ క్షేమంగా ముగిసినందువల్ల, ఆ హెచ్చరికే వారికి భరోసాగా మారిపోయింది.

ఇది తవక్కుల్ కాదా?

“చావు రాసిపెట్టి ఉంటే ఇంట్లో ఉన్నా వస్తుంది. ఇంత జాగ్రత్త దేనికి? దేవునిపై భరోసా ఉంచితే చాలదా?” అని మనలో కొందరు అంటుంటారు.

హజ్రత్ ఉమర్ (రజి) గారి జీవితంలోని ఒక సంఘటన మనకు తెలిసిందే. ఆయన సిరియాకు వెళుతూ సర్గ్ అనే చోటికి చేరుకున్నప్పుడు, ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన ముహాజిర్లను పిలిచి అడిగారు, అన్సార్లను అడిగారు, ఖురైష్ పెద్దలను అడిగారు. అభిప్రాయాలు వేరువేరుగా వచ్చాయి. అందరి మాటా విన్న మీదట, వెంట ఉన్నవారిని తీసుకుని వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. వెళ్ళడమే కాదు, వెనుదిరగడం కూడా అల్లాహ్ విధిలోనిదేనన్న భావంతో ఆయన సమాధానమిచ్చారు. ప్లేగు ఉన్న చోటికి వెళ్ళవద్దన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి వినిపించింది ఆ తర్వాతే.

ఆలోచించండి! వెనుదిరిగినవారిలో ఎంతమంది, ముందుకు వెళ్ళి ఉంటే కూడా బతికేవారు? ఆ లెక్క ఎవరికి తెలుసు? వెనుదిరగడం సరైనదని చెప్పడానికి ఆ లెక్క అవసరం లేదు. అప్పుడు తెలిసిన సమాచారంతో, అందరినీ సంప్రదించి, తన చేతిలో ఉన్న ప్రాణాలను అమానత్‌గా భావించి తీసుకున్న నిర్ణయం అది. ఒంటెను కట్టేసి ఆపై భరోసా ఉంచమన్న ప్రవక్త (స) ఉపదేశం కూడా మనకు నేర్పేది ఇదే. ఒంటెను కట్టకుండా వదిలేస్తే అది పారిపోకుండా తెల్లవారేవరకు అక్కడే ఉండవచ్చు. అంతమాత్రాన కట్టకపోవడం తవక్కుల్ అయిపోదు.

మరి అసలు వెళ్ళడం దేనికి?

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు మనిషి అంతరిక్షంలోకి వెళ్ళనే కూడదని కొందరంటారు. ఇదీ తొందరపాటు మాటే. ఆకాశాల గురించి యోచించమని ఖుర్ఆన్ మనల్ని పదేపదే ప్రోత్సహిస్తుంది. 1969 నుంచి 1972 వరకు చంద్రునిపై దిగిన 12 మంది తెచ్చిన 382 కిలోల రాళ్లు, మట్టి మీద పరిశోధనలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. హబుల్ టెలిస్కోపు అద్దం తయారీలో జరిగిన వెంట్రుకలో యాభయ్యో వంతు పొరపాటుకు విరుగుడు అమర్చింది 1993లో అక్కడికి వెళ్ళిన వ్యోమగాములే. బరువు తెలియని చోట ఎముకలు నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా సాంద్రత కోల్పోతాయని వారి శరీరాల ద్వారానే తెలిసింది. కూలిపోయిన కొలంబియా శిథిలాల్లో దొరికిన ఒక హార్డ్ డిస్కు నుంచి జెనాన్ వాయువుపై ప్రయోగ ఫలితాలను వెలికితీసి, 2008లో ప్రచురించారు. తమ పని లోకానికి అందడం చూడటానికి ఆ ఏడుగురూ లేరు.

తెలిసి, ఇష్టపడి, ప్రయోజనం కోసం ప్రమాదానికి ఎదురెళ్ళడం ఒక సంగతి. తెలియనివ్వకుండా ఒకరిని ప్రమాదంలోకి పంపడం పూర్తిగా మరో సంగతి. కనుగొన్న విషయం ఎంత గొప్పదైనా రెండోదాన్ని ధర్మసమ్మతం చేయలేదు. వెళ్ళేవారి ప్రాణం పంపేవారి చేతిలో అమానత్. పంపేవారికి తెలిసినదంతా వెళ్ళేవారికీ తెలియడం ఆ అమానత్‌లో మొదటి హక్కు.

మన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటలో 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ కోసం ఒక పరీక్ష జరిగింది. ప్రమాదం వస్తే వ్యోమగాములను రాకెట్టు నుంచి దూరంగా లాగి కాపాడే ఏర్పాటును పరీక్షించడం దాని ఉద్దేశం. ఇంకా ఐదు సెకన్లుండగా కంప్యూటరు ప్రయోగాన్ని ఆపేసింది. లోపలున్నది ఖాళీ గది, మనిషి ఎవరూ లేరు. దేశమంతా టీవీల్లో చూస్తోంది. అయినా ఆగారు, కారణం చూసి సరిచేశారు, ఆ తర్వాతే పంపారు. ఖాళీ నౌకకు ఆగడం అలవాటైన చేతులే రేపు మనుషులున్న నౌకకూ ఆగగలవు.

ఆ యువకుడికి చెప్పిన మాట

ఛాలెంజర్ ప్రయోగాన్ని వద్దన్నవారిలో బాబ్ ఎబెలింగ్ అనే ఇంజినీరు ఒకరు. ఆయన తన బాధ్యతగా హెచ్చరించారు. ఆ మాట చెల్లలేదు. అయినా 30 ఏళ్లపాటు ఆయన తననే నిందించుకున్నారు. ఆ పనికి దేవుడు తనను ఎంచుకోకుండా ఉండాల్సిందని 2016లో రేడియోలో బాధపడ్డారు. అది విన్న ఎందరో ఆయనకు ఉత్తరాలు రాశారు, తప్పు మీది కాదని ఓదార్చారు. కాస్త మనశ్శాంతి పొందిన ఆయన అదే ఏడాది మార్చిలో కన్నుమూశారు.

ఈ కథ చెప్పి ఆ యువకుడితో నేనిలా అన్నాను: “తమ్ముడూ! హెచ్చరించి, వినిపించుకోనందుకు ఒక మనిషి 30 ఏళ్లు ఏడ్చాడు. నీ మాట విన్నారు, తాడు మార్చారు. దీనికి నువ్వు అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పుకో. తాడు తెగకపోవడం నీకు వ్యతిరేకంగా సాక్ష్యం కాదు. పరలోకంలో ‘తాడు తెగిందా లేదా’ అని నిన్ను అడగరు. ‘తెగిన పోగులను నీ కళ్ళతో చూశావు కదా, చూశాక ఏం చేశావు’ అని అడుగుతారు. ఇక ఆ రెండు రోజుల కూలి మాట. అది కూలీలు భరించాల్సిన నష్టం కాదు, తాడును చూసుకోవాల్సిన యజమాని భరించాల్సింది. ఆ మాట కూడా కాంట్రాక్టరుతో నువ్వే చెప్పు. నీ సంతకం సగమే పూర్తయింది.”

అతను కాసేపు మౌనంగా కూర్చుని, “ఆ రెండో మాట చెప్పడమే కష్టం హజ్రత్” అన్నాడు. నిజమే. రాడ్నీ రోచా గారి లేఖ ఆగిపోయింది కూడా ఆ కష్టం దగ్గరే.

పాఠకులారా! మనలో ఎవరూ నౌకలు పంపము. కానీ బస్సు బ్రేకులు చూసేవారున్నారు, మందులిచ్చేవారున్నారు, బడి గోడలు కట్టేవారున్నారు. ప్రతి ఒక్కరి చేతిలో ఎవరిదో ఒక ప్రాణం అమానత్‌గా ఉంది. “ఇంతవరకు ఏమీ కాలేదు” అన్న మాట మన నోట వచ్చిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుదాం. చూసినది చూసినట్టు చెప్పే ధైర్యాన్ని, చెప్పినవారి మాట వినే వినయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.